పేగుకు పట్టిన బూజు

ఆయన మా వార్డుకు నడిచే వచ్చాడు. అందుకే మొదట ఎవరికీ భయం వెయ్యలేదు.

బోధన్ వైపు క్యాంపు రైతు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి, కాలువ కింద పొలాలు కొనుక్కుని స్థిరపడిన వాళ్ల ఊళ్లను మా దగ్గర క్యాంపులంటారు. వయసు నలభై దాటి ఉంటుంది. ఒకప్పుడు నిండుగా ఉన్న మనిషని ఆయన చొక్కా చూస్తే తెలుస్తోంది. ఇప్పుడు అందులో ఇంకో మనిషి పట్టేంత చోటుంది. వెనకాలే భార్య. ఒక చేతిలో రెండు సంచులు, ఇంకో చేతిలో ప్లాస్టిక్ బకెట్. ఆసుపత్రిలో బకెట్ దొరకదని ముందే తెలిసిన మనిషి. అంటే ఇది వాళ్లకు మొదటి ఆసుపత్రి కాదన్నమాట.

నేను నిజామాబాద్‌లో ఒక ట్రస్టు ఆసుపత్రిలో మెడికల్ వార్డు హెడ్ నర్సుగా రిటైరయ్యాను. కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చిన అమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఇంజెక్షన్ల గురించీ డ్రిప్పుల గురించీ అడగరు, అవి వాళ్లకు నాకంటే బాగా వచ్చు. “అక్కా, నీకు ఎప్పుడన్న భయమైందా?” అని అడుగుతారు. నవ్వి ఊరుకునేదాన్ని. నిజం చెప్పాలంటే, ఆ మనిషి మా వార్డులో ఉన్నన్నాళ్లూ భయపడుతూనే పనిచేశాను. మొదట ఆయన గురించి, తర్వాత నా గురించి. ఆ సంగతి ఇప్పుడు రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయను. వాళ్లు నాకు చెప్పుకున్నవి నన్ను నమ్మి చెప్పుకున్నవి.

“ఎన్ని దినాల సంది జరమన్నా?” అని అడిగాను, మంచం మీద పడుకోబెడుతూ.

“మూడు నెలల పైనేనండి. సాయంత్రమయ్యేసరికి వచ్చేస్తది. కడుపులో కుడిపక్కన నొప్పి. ఏం తిన్నా ఉండట్లేదు, విరేచనాలే.”

అప్పటికే నిజామాబాద్‌లోనే కంఠేశ్వర్ దగ్గర ఒక క్లినిక్‌లో చూపించుకున్నారు. స్కానింగ్‌లో చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట వాపు, పుండు ఉన్నట్టు కనిపించింది. మన దగ్గర అలా కనిపిస్తే ఏ డాక్టరైనా ముందు పేగు టీబీ అనే అనుకుంటారు. పదిమందిలో తొమ్మిదిమందికి అదే అవుతుంది కూడా. టీబీ మందులు మొదలుపెట్టారు. కాయితాలు చూసి మా డాక్టరమ్మ కూడా తలూపింది. అప్పుడామెకు ముప్ఫై అయిదేళ్లు ఉంటాయేమో. గట్టిగా నవ్వే మనిషి. రౌండ్స్‌కు వస్తుంటే నవ్వు ముందు వచ్చేది, మనిషి తర్వాత.

“టీబీ మందులు నడుస్తుండగా ఇంత చిక్కిపోవడమేంటి?” అని ఆమె తనలో తాను అనుకుంటూ, రక్తపరీక్షలు రాయబోయింది. హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేస్తామని, ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టమని ఆయనకు చెబుతోంది. ఆయన కళ్లు మూసుకున్నాడు. భార్యే గొంతు తగ్గించి చెప్పింది.

“ఆ పరీక్ష అక్కర్లేదండి. ఉంది. మా ఇద్దరికీ ఉంది. ఏడెనిమిదేళ్లయింది. మందులు వాడుతున్నాం.” సంచిలోంచి తెల్లటి మాత్రల డబ్బా తీసి చూపించింది. “ఇవిగోండి నావి.”

“ఆయనవి?” అంది డాక్టరమ్మ.

“ఆయన దగ్గరే ఉంటాయండి.” భర్త వైపు తిరిగింది. “చూపించండి.”

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. గోడకే చెప్పినట్టు చెప్పాడు. రెండేళ్ల కింద హెచ్‌ఐవీ మందులిచ్చే సెంటర్ దగ్గర లైన్లో నిలబడి ఉండగా, వాళ్ల క్యాంపు మనిషెవరో బయట ఆటో దిగుతూ తనను చూశాడట. చూశాడో లేదో కూడా తెలియదు. చూశాడని ఈయనకు అనిపించింది. అంతే, ఆ నెల నుంచి మళ్లీ అటువైపు పోలేదు. భార్యతో మాత్రం ప్రైవేటులో కొనుక్కుంటున్నానని చెప్పాడు. ఆమె మందులు ఆమె పుట్టింటి వైపున్న సెంటర్లో తెచ్చుకునేది కాబట్టి ఇది బయటపడలేదు.

ఆమె అరుస్తుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె చేతిలో ఉన్న డబ్బా మూత బిగించింది. బిగించిందే మళ్లీ బిగించింది. అది ఇంకెటూ తిరగదు, అయినా తిప్పుతూనే ఉంది.

పరీక్షల్లో ఇంకోటి తేలింది. హెచ్‌ఐవీతో పాటు ఆయనకు హెపటైటిస్ బి కూడా ఉంది. ఆ వైరస్ లివర్‌ను తింటుంది. ఆయన మానేసిన ఆ ఒక్క మాత్రే అన్నాళ్లూ రెండింటినీ అణిచిపెట్టింది. మాత్ర ఆగేసరికి రెండూ లేచాయి. అసలే దెబ్బతిన్న లివర్ మీద టీబీ మందుల బరువు కూడా పడింది. నాలుగైదు రోజుల్లో ఆయన కళ్లు పసుపు నీళ్లలో ముంచి తీసినట్టయ్యాయి. టీబీ మందులు ఆపేశారు. ఆపితే టీబీ తిరగబడుతుందేమో, ఆపకపోతే లివర్ పోతుందేమో. ఆ రోజు నుంచి డాక్టరమ్మ నవ్వు వార్డులో వినబడలేదు.

ఒకరోజు పొద్దున మా ఆయమ్మ బెడ్‌పాన్ తీసుకుని నా దగ్గరికే వచ్చింది. మామూలుగా తీసుకెళ్లి పారబోసే మనిషి. ఆమె మొహం చూసే లేచి నిలబడ్డాను.

“సిస్టరమ్మా, గిది జర సూడు.”

అందులో విరేచనం లేదు. అంతా రక్తమే.

రక్తం ఎక్కించారు. పేగులోకి కెమెరా పంపి పుండు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలని డాక్టరమ్మ అంది. మా సర్జన్ సార్ వద్దన్నాడు. “ఆ పేగు తడిసిన కాయితంలా ఉంటుంది. గొట్టం తగిలితే చిరుగుతుంది” అన్నాడు. ఆయన పెద్దవాడు, కోపిష్టి. ఆపరేషన్ థియేటర్లో ఆయన తిట్టని సిస్టర్ లేదు. ఆయన మాటకు ఎదురు చెప్పడం అక్కడ ఎవరికీ అలవాటు లేదు. డాక్టరమ్మ “తెలియకుండా వైద్యం చేయడం నాకు ఇంకా భయం సార్” అంది. గొట్టం ఆయనే పట్టుకున్నాడు. ముక్క తీశారు. పేగు చిరగలేదు.

మా పాథాలజీ డాక్టరు కింది అంతస్తులో, సూక్ష్మదర్శిని ముందు కూర్చునే మనిషి. మోకాళ్ల నొప్పుల వల్ల మెట్లెక్కడు, ఏదైనా ఉంటే ఫోన్ చేస్తాడు. అలాంటి మనిషి మర్నాడు మధ్యాహ్నం రెయిలింగ్ పట్టుకుని, ఆయాసపడుతూ వార్డు గుమ్మంలో నిలబడ్డాడు. మంచి వార్త అయితే అన్ని మెట్లు ఎక్కడు గదా అనుకున్నాను.

“ఇది టీబీ కాదమ్మా” అన్నాడు డాక్టరమ్మతో. “కణాల లోపల చిన్నచిన్న గుండ్రటివి గుంపులుగా ఉన్నాయి. ఫంగస్. మన భాషలో బూజు. మట్టిలో, పక్షుల రెట్టలో, గబ్బిలాల పెంటలో పెరిగేది. మంచి ఒంట్లోకి పోతే ఏం చేయలేదు. ఈయన ఒంట్లో ఆపేవాళ్లు లేరు. ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి, రక్తంలోంచి పేగులోకి దిగింది. గబ్బిలాలున్న చోటెక్కడైనా పనిచేశాడేమో అడగండి.”

అడిగే పని నాకు పడింది. భార్య వరండాలో బట్టలు ఆరేస్తోంది. ప్రశ్న విని ఆమె చేతిలో తడి తువ్వాలు అలాగే ఉండిపోయింది.

“బెల్లం బట్టీ అండి” అంది. “చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు ఎవరికి పొయ్యాలో తెలియలేదు. మా మామగారి నాటి బట్టీ షెడ్డు ఒకటుంది, ఏళ్ల తరబడి పాడుబెట్టాం. మనమే బెల్లం వండుదామని పోయినేడు తలుపులు తీశాం. పైన దూలాలన్నీ గబ్బిలాలేనండి. కింద మోకాటి లోతు పెంట. ఆయన పార పట్టుకుని ఎత్తిపోశారు. మూతికి గుడ్డ కూడా కట్టుకోలేదు.” తువ్వాలు మళ్లీ పిండింది. “కానీ సిస్టర్ గారూ, నేనూ ఊడ్చానండి. మా పనివాళ్లూ ఊడ్చారు. మాకేం కాలేదే?”

నేను నోరు తెరిచే లోపలే ఆమెకు అర్థమైపోయింది. ఆమె మాత్రలు మానలేదు. తువ్వాలు తీగ మీద వేసి, ముడతలు లేకుండా సాపు చేసి, లోపలికి వెళ్లి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. ఆ సాయంత్రం వరకూ ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. కాళ్లు మాత్రం పడుతూనే ఉంది.

ఆ బూజుకు వేసే మందు మనిషిని కూడా వణికిస్తుంది. ఒంటికి కాస్త తేలికగా ఉండే రకం హైదరాబాద్ నుంచి రావాలి, వచ్చేదాకా ఆగే టైం లేదు. పాత రకమే డ్రిప్పులో మొదలుపెట్టాం. గంటలోపు ఆయన పళ్లు టకటకలాడాయి. ఇనప మంచం నేల మీద చప్పుడు చేస్తూ జరిగింది. మూడు దుప్పట్లు కప్పినా ఆగలేదు. చివరికి భార్య దుప్పట్ల మీద నుంచి ఆయన్ను రెండు చేతులతో చుట్టి పట్టుకుంది. పక్క మంచాల వాళ్లు లేచి బయటకు వెళ్లిపోయారు. దినదినం ఇదే. దానికి తోడు ఆ మందు రక్తంలోంచి పొటాషియం లాగేస్తుంది, అది పడిపోతే గుండె ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. డ్రిప్పు నడుస్తున్నంతసేపూ నేను ఆయన నాడి మీద వేలు తీయలేదు. గుండె చూపించే మెషీన్ పెట్టాం, అయినా నాకు దాని మీద నమ్మకం కుదరలేదు.

వారం గడిచేసరికి జ్వరం దిగింది. ఒక పొద్దున ఆయన అల్లం చాయ్ అడిగాడు. డాక్టరమ్మ నవ్వు మళ్లీ వినబడింది. మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. కొంచెం తొందరపడ్డాం.

ఆ మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ. ఆయన ఒక్కసారి “అమ్మా” అన్నాడు. పెద్దగా కాదు. వెళ్లి పొట్ట మీద చెయ్యి పెట్టాను. చెక్క మీద పెట్టినట్టుంది. పుండు పడిన చోట పేగుకు చిల్లి పడింది.

సర్జన్ సార్, మత్తు డాక్టరు, డాక్టరమ్మ ముగ్గురూ నా టేబుల్ దగ్గర నిలబడి మాట్లాడుకున్నారు. హైదరాబాద్ పంపుదామన్నాడు మత్తు డాక్టరు. రక్తం గడ్డకట్టే శక్తి తక్కువ, లివర్ బాగాలేదు, టేబుల్ మీదే పోతాడన్నాడు. దారిలో పోతే అని డాక్టరమ్మ అడిగింది. సర్జన్ సార్ తన చేతులు తనే చూసుకుంటున్నాడు. అంతటి మనిషి భయపడడం అంత దగ్గరగా చూడడం నాకదే మొదలు. ఆయన భయం చూసి నా భయం రెట్టింపైంది.

చివరికి రైతు భార్యను పిలిచి ఉన్నదున్నట్టు చెప్పారు. ఆమె అంతా విని అడిగింది. “ఇక్కడ చేస్తే బతికే ఆశ ఉందాండి?”

“ఉంది. కొంచెం” అన్నాడు సర్జన్ సార్.

“అయితే ఇక్కడే చేయండి. దారిలో ఆయన పోతే ఆ బండిలో ఆయనతో నేనొక్కదాన్నే ఉండాలి. అది నావల్ల కాదండి.”

ఆ రోజు థియేటర్ డ్యూటీలో ఉన్న సిస్టర్ పాలిచ్చే తల్లి. ఆమె రానని అనలేదు. చేతులు కడుక్కోవడానికి పోయి కుళాయి కింద అలాగే నిలబడిపోయింది, నీళ్లు పోతూనే ఉన్నాయి. నేను వార్డుకు రాకముందు చాలా ఏళ్లు థియేటర్లో చేసినదాన్ని. “నువ్వు పోయి వార్డు సూసుకో బిడ్డా, నేను నిలబడత” అన్నాను. ధైర్యంతో అనలేదు. నోటి నుంచి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోలేకపోయాను.

రెండు జతల గ్లౌజులు, కళ్లద్దాలు, ప్లాస్టిక్ ఏప్రాన్. పొట్ట తెరిచారు. లోపల చీము, మలం. పేగు నిజంగానే తడిసిన కాయితంలా ఉంది. సర్జన్ సార్ ఎవరినీ తిట్టలేదు. అది చూసి నాకు ఇంకా భయం వేసింది. చెడిపోయిన ముక్క కోసి తీశాడు, మిగిలిన పేగు కొసను పొట్ట మీదికి తెచ్చాడు. అక్కడ సంచి కడతారు, కొన్నాళ్లు మలం దాంట్లోకి వస్తుంది. మత్తు డాక్టరు బీపీ చెబుతున్నాడు, పడుతోంది, లేస్తోంది, మళ్లీ పడుతోంది. ఎట్టకేలకు కుట్లకు వచ్చాం. ఇంకో రెండు కుట్లేస్తే అయిపోయేది. సూది సర్జన్ సార్ చేతిలోంచి నా చేతిలోకి వస్తోంది. ఎవరి చెయ్యి ముందు కదిలిందో ఇప్పటికీ చెప్పలేను. నా ఎడమచేతి చూపుడువేలికి చురుక్కుమంది.

సర్జన్ సార్ చూశాడు. నేనూ చూశాను. తెల్లటి గ్లౌజు లోపల ఎర్రటి చుక్క విచ్చుకుంటోంది.

“పో” అన్నాడు. “పోయి కడుక్కో. పోమ్మా.” ఆయన నన్ను అమ్మా అనడం అదే మొదటిసారి. పక్కనున్న చిన్న డాక్టరు నా చోట నిలబడ్డాడు. కుళాయి కింద సబ్బుతో కడుగుతూ ఉంటే నాకు తోచిందేమిటో తెలుసా? ఇంట్లో పప్పు నానబెట్టి వచ్చానని. మనసు అంత దాకా పరుగెత్తి దాక్కుంది.

హెపటైటిస్‌కు నాకు టీకాలు పడి ఉన్నాయి. హెచ్‌ఐవీకి టీకా లేదు. వెంటనే మాత్ర మొదలుపెట్టి నెల రోజులు ఆపకుండా వేసుకోవాలి, తర్వాత కొన్ని నెలల పాటు పరీక్షలు. డాక్టరమ్మ తనే మాత్ర తెచ్చి, నీళ్లు తెచ్చి, నేను మింగేదాకా నిలబడింది. “ఇలా గుచ్చుకుంటే వచ్చే అవకాశం చాలా తక్కువ సిస్టర్” అంది. అదే మాట నేను ఎందరికో చెప్పాను. చెప్పేటప్పుడు అది ధైర్యం చెప్పే మాటలా ఉంటుంది. వినేటప్పుడు ‘తక్కువ’ అన్నది చెవికెక్కదు, ‘అవకాశం’ అన్నదే ఎక్కుతుంది.

ఇంట్లో చెప్పలేదు. మా ఆయన వేల్పూర్ దగ్గర మాకున్న కొద్దిపాటి పసుపు పొలం చూసుకుంటాడు, పొద్దుగూకాక ఇల్లు చేరతాడు. మాత్రల డబ్బా బియ్యం డ్రమ్ములో పెట్టాను. నా పళ్లెం, గ్లాసు విడిగా కడుక్కున్నాను. కలిసి తింటే అంటుకోదని వందమందికి చెప్పినదాన్ని! కూరగాయలు కోస్తూ వేలు తెగుతుందేమోనని కత్తి పట్టుకోవడం మానేశాను. మా ఆయన ఏమైందని అడిగితే చెయ్యి నొస్తుందన్నాను. దగ్గరికి వస్తే ఒంట్లో బాగాలేదన్నాను.

ఆసుపత్రిలో దాగలేదు. ఏళ్ల తరబడి నాతో ఒకే టిఫిన్ డబ్బాలో తిన్న సిస్టర్ ఆ మర్నాడు, “ఇయ్యాల నాకు కడుపుల మంచిగ లేదక్కా, నువ్వు తిను” అంది. ఆ వారమంతా ఆమెకు కడుపులో బాగుపడలేదు. ఆమె చెడ్డది కాదు. రోగుల మలం ఎత్తిపోసిన చెయ్యి ఆమెది. ఒక్కదాన్నే తినడానికి కూర్చుని, సగంలోనే డబ్బా మూసేసేదాన్ని. సర్జన్ సార్ మాత్రం రోజూ ఏదో ఒక సాకుతో వార్డుకు వచ్చేవాడు. స్టెతస్కోపు మరిచిపోయాననేవాడు, మెడలోనే ఉండేది.

క్యాంపు రైతు బతికాడు. ఐసీయూలో కొన్నాళ్లు గాలి అందించే మెషీన్ మీదున్నాడు, తర్వాత మళ్లీ నా వార్డుకు వచ్చాడు. హైదరాబాద్ నుంచి మంచి రకం మందు వచ్చింది. వణుకు తగ్గింది. నేను మాత్రం ఆయన మంచం దగ్గరికి వెళ్లే ముందు మిగతా మంచాలన్నీ తిరిగి వచ్చేదాన్ని. ఆయన మీద కోపం లేదు. ఆయన పక్కటెముకలు, ఆ పసుపు కళ్లు చూస్తే రేపటి నన్ను నేను చూస్తున్నట్టుండేది.

ఒక మధ్యాహ్నం మందుల గదిలో తలుపు దగ్గరగా వేసి మాత్ర వేసుకుంటున్నాను. పొద్దున తినలేక వేసుకోలేదు. నోట్లో వేసుకోబోతుంటే తలుపు తెరుచుకుంది. ఆయన భార్య, సంచి మార్చడానికి దూది కావాలని వచ్చింది. ఆమె చూపు నా మొహం మీద ఆగలేదు. నా అరచేతిలోని మాత్ర మీద ఆగింది. ఏడెనిమిదేళ్లుగా రోజూ అదే మాత్ర మింగుతున్న మనిషి. ఆమెకు డబ్బా మీది పేరు చదవాల్సిన పని లేదు.

తలుపు మెల్లగా వేసింది. “ఆపరేషన్లోనా అండి?” అని అడిగింది.

తల ఊపాను.

ఆమె కళ్లు మూసుకుని గోడకు ఆనుకుంది. ఏడుస్తుందేమో, క్షమించమంటుందేమో, నేను ఓదార్చాలేమో అని భయపడ్డాను. ఆ శక్తి నా దగ్గర లేదు. ఆమె కళ్లు తెరిచి మామూలు గొంతుతో అడిగింది.

“ఏ వేళకి వేసుకుంటున్నారు?”

“వేళ లేదు. ఎప్పుడు వీలైతే అప్పుడు.”

“అలా వద్దండి. ఒకటే వేళ పెట్టుకోండి. మొదట్లో వికారం ఉంటది, ఏమన్నా తిని వేసుకోండి. రాత్రి వేసుకుంటే నిద్ర పట్టదు, పిచ్చి కలలొస్తాయి, పొద్దున పూట మంచిది. పది పన్నెండు రోజులకి సర్దుకుంటది.” తలుపు వైపు ఒకసారి చూసి, “ఇంట్లో చెప్పారాండి?” అంది.

మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగాను.

“చెప్పండి సిస్టర్ గారూ. మావారు నాకు చెప్పకుండా ఒక్కడే భయపడ్డారు. చూశారుగా ఎక్కడిదాకా వచ్చామో.” దూది తీసుకుని వెళ్లబోతూ ఆగింది. “ఆయనకి మాత్రం ఇది చెప్పకండి. తనవల్ల మీకిలా అయిందని తెలిస్తే మళ్లీ మందులు పారేసి పడుకుంటారు. ఆయన సంగతి నాకు తెలుసు.”

ఇంతేళ్ల ఉద్యోగంలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ధైర్యం చెప్పడమెలాగో నాకు రెండుసార్లు శిక్షణ ఇచ్చారు. దూది కోసం వచ్చిన ఆ మనిషి పట్టుమని అయిదు నిమిషాల్లో చెప్పిందాంట్లో సగం కూడా ఆ శిక్షణలో లేదు.

ఆ సాయంత్రం మా ఆయన చేతులు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. గోళ్లలో ఇంకా పసుపే. చెప్పాను. మొదటి నుంచి, సూది దాకా, బియ్యం డ్రమ్ము దాకా. ఆయన పళ్లెం పక్కకు జరిపి లేచి వాకిట్లోకి పోయాడు. గేటు చప్పుడైంది. ఇక రాడేమో అనుకున్నాను. ముప్ఫై ఏళ్ల సంసారం చేసిన మనిషి గురించి అలా అనుకున్నాను. భయం ఎంతటి మాటైనా అనిపిస్తుంది.

కాసేపటికి వచ్చాడు. చేతిలో అరటిపండ్లు.

“ఆ గోలి తిన్నంక ఏస్కోవాల్నా, తినకముందా?” అన్నాడు.

“తిన్నంక.”

“మరి తిను.” తన పళ్లెంలోది కలిపి నా ముందుకు జరిపాడు. “గీ మాట చెప్పనీకి గిన్ని దినాలు చేసినవా? నేనేమో నా మీద అలిగినవనుకుంటున్న.” ఇద్దరం అదే పళ్లెంలో తిన్నాం. ఆయన మధ్యమధ్యలో భుజంతో కళ్లు తుడుచుకుంటూ, కారమెక్కువైందన్నాడు. ఆ రోజు చేసింది పెసరపప్పు.

క్యాంపు రైతు ఇంటికి వెళ్లే రోజు వీల్‌చైర్ వద్దని నడిచే వెళ్లాడు. బూజుకు ఏడాది పాటు వేసుకోవాల్సిన మాత్రలు, హెచ్‌ఐవీకీ లివర్‌కూ కలిపి ఆ ఒక్క మాత్ర. రెండూ ఆమె సంచిలోనే ఉన్నాయి. నా వార్డు సిస్టర్లలో కొందరు ఆయనకు దూరంగా నిలబడి చెయ్యి ఊపారు. నాతో తినడం మానేసిన సిస్టర్ వాళ్ల బకెట్ ఆటో దాకా మోసుకెళ్లింది. తిరిగొచ్చి ఏమనుకుందో, నా టిఫిన్ డబ్బా మూత తీసి నిలబడే ఒక ముద్ద తినేసింది. ఇద్దరం దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

నెల మాత్రలు అయిపోయాయి. మొదటి పరీక్ష, రెండో పరీక్ష. ప్రతిదానికి ముందు రోజులు ఎలా గడిచాయో రాయను, రాస్తే మళ్లీ గడపాల్సి వస్తుంది. చివరి పరీక్ష రిపోర్టు వచ్చేసరికి, క్యాంపు రైతు పొట్ట మీది సంచి తీసేసి పేగు మళ్లీ కలిపే ఆపరేషన్ కోసం వాళ్లిద్దరూ ఆసుపత్రికి వచ్చారు. ఆయన ఒళ్లు చేశాడు. చొక్కా కొత్తది, సరిపోయేది. ఆయన సర్జన్ సార్ గది బయట బెంచీ మీద కూర్చుని ఎవరితోనో చెరకు గురించి వాదిస్తున్నాడు.

నేను ల్యాబ్ నుంచి వస్తున్నాను. ఆమె నన్ను చూసి లేచింది. నోటితో అడగలేదు, ఆయన పక్కనే ఉన్నాడు. కళ్లతో అడిగింది. లేదని తల అడ్డంగా ఊపాను. ఊపుతుంటే నాకు సిగ్గేసింది. నా భయం ఆ రోజుతో తీరిపోయింది, ఆమె మాత్రం రేపు పొద్దున మళ్లీ మాత్ర వేసుకోవాలి. ఆమె దగ్గర నేనెలా సంతోషపడాలి?

ఆమె నిలబడిన చోటే కిందికి జారి, నేల మీద కూర్చుని ఏడ్చేసింది. ఆయన కళ్లు పచ్చబడినప్పుడు, రక్తం పోయినప్పుడు, పేగు పగిలి కాయితం మీద సంతకం పెట్టినప్పుడు ఏడవని మనిషి, నడవలో అందరి ముందూ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఆమె పక్కనే కూలబడ్డాను.

ఆయన కంగారుగా లేచి వచ్చాడు. “ఏమైంది? ఏంటే? ఎవరికేమైంది?” అని మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు.

ఆమె నా చెయ్యి వదలకుండానే తలెత్తింది.

“ఎవరికీ ఏం కాలేదండి” అంది. “మీరు కూర్చోండి.”